అయిందా అంటే అయింది

మా పిల్లికి షుగర్ అని తెలిసినప్పుడు వీధి వీధంతా నవ్వింది. ఎదురింటాయన గేటు దగ్గరే నిలబడి, "ఏమ్మా, ఇంక మీ ఇంట్లో ఎలుకలు గూడా చక్కెర డబ్బా ముట్టల్లంటే భయపడ్తాయేమో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను బడిలో లెక్కలు చెప్పే మనిషిని. ఎగతాళి వింటే చేతిలో సుద్దముక్క ఉంటే బాగుండు, విసిరేద్దును అనిపిస్తుంది.

మైదుకూరులో మా ఇంట్లో అప్పటికే ఒక షుగర్ మనిషి ఉంది, మా అత్త. ఏళ్ల తరబడి తన సూది తానే వేసుకుంటుంది. మా ఆయనది తుమ్మలపల్లె గనిలో షిఫ్టుల ఉద్యోగం, ఆదివారాలు వస్తే వచ్చినట్టు. మిగతా రోజులు ఇంట్లో ఉండేది అత్త, నేను, పసుపు రంగు గండుపిల్లి.

అది కుండల కొద్దీ నీళ్లు తాగుతూ చిక్కిపోతుంటే కడపకు తీసుకుపోయాను. పశువుల డాక్టరు దాని చెవి అంచున గుచ్చి, చుక్క రక్తం తీసి, మీటరు నాకు చూపించాడు. పొద్దున రెండు యూనిట్లు, సాయంత్రం రెండు యూనిట్ల ఇన్సులిన్ రాసిచ్చాడు. "తిన్నాకే సూది వేయాలమ్మా. తిన్నదని మీ కళ్లతో చూడాలి. తినకుండా వేస్తే ప్రాణానికే ముప్పు" అని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి రాగానే అత్త మొదలుపెట్టింది. "మనుషులకే దిక్కు లేదంటే పిల్లికి సూదులా! పిల్లికి బిచ్చం పెట్టనోళ్లను శానామందిని చూసినా గానీ, పిల్లికి సూదేసేటోళ్లను యాడా చూడలే."

కానీ మూడో రోజుకే ఆమె మనసు ఆగలేదు. సూది పక్కకు జారి మందంతా బొచ్చు మీద పడింది. వంటింట్లోంచి చూస్తున్న అత్త, "నీ చేతులు లెక్కలకే గానీ దీనికి పనికిరావు, ఇటియ్యి" అని సిరంజి లాక్కుంది. సీసాను ఊపకూడదని, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలని ఆమే నేర్పింది. మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టి, పిల్లితో ఏదో ఒకటి మాట్లాడుతూనే గుచ్చేసేది. ఎండాకాలం కరెంటు పోతే ఫ్రిజ్‌ను నమ్మకుండా తన సీసా, దాని సీసా రెండూ ఒకే చిన్న డబ్బాలో పెట్టి, నీళ్లకుండ పక్కన తడిగుడ్డ కప్పి దాచేది. డాక్టరు చెప్పిందాన్ని తన మాటల్లోకి మార్చి నాకు పాఠం కూడా చెప్పింది.

"ముందు బువ్వ, యెనక సూది. మర్చిపోవాకు."

సాయంత్రం సూది ఆమెది, పొద్దునది నాది అని పంచుకున్నాం. నాలుగు నెలల్లో పిల్లి నిగనిగలాడింది. అత్తా అదీ ఒకే మంచం మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్లను చూస్తుండేవాళ్లు. నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ శుక్రవారం బడికి ఆలస్యమైంది. ఉడికించిన కోడి ముక్కలు గిన్నెలో వేసి పెరట్లో పెట్టి, లోపలికొచ్చి జడ వేసుకుంటున్నాను. కాసేపటికి పిల్లి లోపలికొచ్చి మూతి నాక్కుంటూ నా కాళ్ల దగ్గర కూర్చుంది. పెరటి వైపున్న అత్తను గట్టిగా అడిగాను.

"అత్తా, అయిందా?"

"అయిందిమ్మా" అంది.

ఒక్క అడుగు వేసి గిన్నె చూసి ఉంటే సరిపోయేది. వేయలేదు. రెండు యూనిట్లు తీసి, చర్మం పైకెత్తి, గుచ్చేసి, సంచీ తగిలించుకుని వెళ్లిపోయాను.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి పిల్లి వసారాలో తాగినవాడిలా నడుస్తోంది. వెనక కాళ్లు చెరో పక్కకు జారుతున్నాయి. పిలిస్తే నా వైపు కాకుండా గోడ వైపు చూసింది, చూస్తూనే పక్కకు ఒరిగిపోయింది. పెరట్లోకి పరిగెత్తాను. గిన్నెలో ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, వాటి నిండా చీమలు.

చెవి గుచ్చి చూస్తే మీటరులో నలభై కూడా లేదు. డాక్టరుకు ఫోన్ చేశాను. "చక్కెర నీళ్లు చిక్కగా కలిపి వేలితో చిగుళ్లకు రాయండి, గొంతులో పోయొద్దు. తల ఎత్తిన వెంటనే తీసుకురండి" అన్నాడు. "అత్తా, చక్కెర!" అని కేక పెట్టాను.

అప్పుడే చర్చి నుంచి వచ్చిన అత్త వంటింట్లో చక్కెర డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మూత తీయలేకపోతోంది. నాకు ఒళ్లు మండిపోయి డబ్బా లాక్కోబోయాను. ఆమె చేయి నా చేతికి తగిలింది. చల్లగా ఉంది. ముఖమంతా చెమట.

గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి పిల్లి చిగుళ్లకు రాసి, అదే గ్లాసులోవి అత్త నోటికి అందించి, ఆమె వేలు గుచ్చాను. యాభై నాలుగు.

"పొద్దున అయిందంటివి గదా అత్తా!"

"ఏదమ్మా?"

"పిల్లి తినిందా అని అడిగితే!"

"నన్ను అడిగినావనుకుంటి" అంది మెల్లగా. "శుక్రవారం గదమ్మా. ఉపాస ప్రార్థన."

అంటే తను తినలేదు. సూది మాత్రం మానకుండా వేసుకుంది. నాకు పాఠం చెప్పిన మనిషి. భయం, కోపం కలిసి నోటికొచ్చింది అనేశాను. "దేవుడు నిన్ను ఉపాసం ఉండమన్నాడు సరే, నాతో అబద్ధం చెప్పమన్నాడా?"

ఆమె నొచ్చుకోలేదు. ఆశ్చర్యపోయింది. "అబద్ధమేముందమ్మా దాంట్లో? అడిగినందుకు చెప్పే మాట గదా అది. వయసులో ఉన్నప్పుడు పసుపు చేన్లకు కూలికి పోతాంటిమి. చేని వాళ్లు ఎదురొచ్చి 'అయిందా' అంటే అయిందనే చెప్తాంటిమి. కాలేదంటే పెట్టమని అడిగినట్టే గదా."

స్టాఫ్ రూంలో రోజూ నేనూ అదే మాట చెప్తాను, పొద్దున ఏమీ తినకుండా పరిగెత్తిన రోజున కూడా. మా వైపు 'అయిందా' అన్నది పలకరింపు, 'అయింది' అన్నది మర్యాద. ఆ మర్యాద తెలియంది ఇంట్లో పిల్లి ఒక్కటే. అది తినకపోతే గిన్నె నిండా మిగిల్చి, తినలేదని చూపించింది. చూడనిది నేను. పిల్లికి చెవి గుచ్చి, అంకె రాసి పెట్టుకుంటున్న నేను, పక్క మంచం మీది మనిషిని ఇన్నేళ్లుగా ఒక్క మాట అడిగి, ఒక్క మాటతో తృప్తి పడి బడికి పోతూ వచ్చాను. ఆ పూట నాకు సిగ్గేసింది.

పది నిమిషాలకోసారి పిల్లి చిగుళ్లకు చక్కెర నీళ్లు రాస్తూ కూర్చున్నాను. అత్తకు అన్నం కలిపి పెడితే, "అది తల ఎత్తకుంటే నాకెట్ల దిగుతాదమ్మా" అంది. తినకపోతే ఇద్దరినీ ఒకే ఆటోలో వేసుకుపోతానని గద్దిస్తే తింది. ఆమె రెండో ముద్ద మింగుతుండగా పిల్లి తల ఎత్తింది. ఆటోలో కడపకు తీసుకుపోయాం. డాక్టరు ఒక రాత్రి ఉంచుకుని పంపించాడు.

ఆ తర్వాత పిల్లి గిన్నె ఎత్తి చూడకుండా సిరంజి ముట్టలేదు. అత్తను మాత్రం 'అయిందా' అనడం మానేసి, ఏం తిన్నావు, ఎంత తిన్నావు అని పళ్లెం చూసి మరీ అడగసాగాను. ఉపవాసం రోజుల సంగతి అత్త చేతే ఆమె షుగర్ డాక్టరుతో మాట్లాడించాను. అత్తకు చిరాకు.

"పిల్లిని చూసినట్టు చూస్తాండావేమే నన్ను?"

"అవునత్తా, పిల్లిని చూసినట్టే" అన్నాను.

మొన్నొక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి, పిల్లిని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. చెప్పులు విడుస్తూ అలవాటు కొద్దీ నోరు జారాను.

"అయిందా అత్తా?"

అయిందనబోయి ఆగింది. పిల్లి వీపు మీద చేయి అలాగే ఉంది. పసుపు చేలో ఎదురొచ్చినవాళ్లకు చెప్పలేనిది, ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా నాకూ చెప్పనిది, తల వంచుకుని చెప్పింది.

"కాలేదమ్మా. ఆకలైతాండాది."