తుప్పెక్కిన ఇరవై నాలుగు బంపర్లు

1943 జూలై. యుద్ధం నడుస్తున్న రోజులు. బెంగుళూరు కలాసిపాళ్యంలో మా వర్క్‌షాపు ఉండేది. అంతకుముందు బస్సులకు బాడీలు కట్టేవాళ్ళం. యుద్ధం వచ్చాక మిలిటరీ లారీలకు బంపర్లు చేయడం మొదలుపెట్టాం. నేను అక్కడ ఎస్టిమేటరును. ఏ పనికి ఎంత ఇనుము, ఎంత రంగు, ఎన్ని రోజులు పడుతుందో ముందుగా లెక్కకట్టి చెప్పడం నా పని. బడి చదువు నాలుగో ఫారంతో ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్న లెక్కలన్నీ పాత పుస్తకాలు తిరగేసి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నవే.

ఊళ్ళో తిరిగే కారుకు బంపరు ఒక అలంకారం. దారి లేని చోట నడిచే లారీకి అలా కాదు. రాయి తగిలినా, చెట్టు మోడు తగిలినా, ఏటి నీళ్ళు కొట్టినా ముందు దానికే. అందుకని దాని మీద ఏ రంగు వేశామన్నది చూపుకు సంబంధించిన విషయం కాదు. రంగు లేచిందంటే తుప్పు పడుతుంది, తుప్పు పట్టిందంటే బోల్టు రంధ్రాల దగ్గర ఇనుము సన్నబడుతుంది, చివరికి బంపరు ఊడి దారిలో పడుతుంది.

అంతకుముందు మేం మిలిటరీ డిపోకు పంపిన ఇరవై నాలుగు బంపర్లూ ఆ నెల మొదటివారంలో తిరిగొచ్చాయి. డిపోలో వానకు నాలుగు వారాలు నిలిచినందుకే రంగు బొబ్బలెక్కింది. బొబ్బ గిల్లితే కింద ఎర్రటి పొడి.

యజమాని శెట్టిగారు వాటిని యార్డులో వరుసగా పేర్పించి, పెయింటింగ్ మేస్త్రీ మునెప్పను పిలిచారు. మునెప్పది బెంగుళూరు పక్కనే ఉన్న వర్తూరు. వయసు యాభై దాటింది. ఇరవై రెండేళ్ళుగా మా దగ్గర బ్రష్ పట్టినవాడు.

"ఏం మునెప్పా, రంగేసినావా, పసుపు పూసినావా?" అన్నారు శెట్టిగారు.

"నా చేతి పని ఇంతవరకూ ఎవురూ ఎనక్కి పంపలేదు సామీ. రంగులో ఏమో ఉండాది."

"రంగులో ఉండాదో, నీ చేతిలో ఉండాదో మూడు వారాల్లో తేలిపోతుంది. మిలిటరీ ఇన్‌స్పెక్టరు మళ్ళా వస్తాడు. ఈసారి కూడా బొబ్బ లేచిందంటే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోయినదంటే నువ్వూ వర్తూరుకు పోయి చెరువుకాడ కూచో."

మునెప్ప చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు. ఏ ఫినిష్ వేయాలో నిర్ణయించే పని నాకు అప్పజెప్పారు. నేను కాగితం తీసుకుని ముందు కొట్టేయవలసినవి కొట్టేశాను. క్రోమియం ప్లేటింగుకు నికెల్ కావాలి, యుద్ధకాలంలో అది దొరకదు. దొరికినా అద్దంలా మెరిసే బంపరు ఆకాశంలో విమానానికి ఆనవాలు. గాల్వనైజింగ్, అంటే కరిగిన జింకులో ముంచడం, మంచిదే. కానీ జింకుకు పర్మిట్ లేదు. మిగిలినవి మూడు. మొదటిది రెడ్ లెడ్, అంటే మన సిందూరాన్నే అవిసె నూనెలో కలిపి అడుగు పూతగా వేసి, పైన పచ్చరంగు రెండు పూతలు వేయడం. మేం వేసి పంపింది అదే. రెండోది బిట్యుమెన్, తారులాంటి నల్లరంగు. మూడోది స్టోవ్ ఎనామెల్, రంగు వేశాక పెద్ద పొయ్యిగదిలో కాల్చి గట్టిపరిచేది.

ఒక్కో ఫినిష్‌తో నాలుగేసి చొప్పున పన్నెండు బంపర్లు మునెప్ప చేత తయారు చేయించాను. ఐదు రోజులు ఆరబెట్టాం. తర్వాత ఒక్కోదాని మీద గొట్టంలోంచి మూడడుగుల ఎత్తునుంచి శేరు కంకర వదిలాను. ఎనామెల్ గాజులా పెళుసు, రాయి పడినచోటల్లా పెచ్చు లేచింది. బిట్యుమెన్ లేవలేదు కానీ ఎండకు మెత్తబడింది, పెట్రోలు చుక్క పడితే కరిగి కారింది. రెడ్ లెడ్ మీద సొట్ట పడినా రంగు ఇనుమును వదల్లేదు.

"చూసినావా అప్పా? సిందూరం సిందూరమే," అన్నాడు మునెప్ప. ఆ వారంలో అతను నవ్వడం అదొక్కసారే చూశాను.

తర్వాత పన్నెండింటినీ ఉప్పునీళ్ళ తొట్టిలో దించాం. నాలుగు వారాల వాన చేసే చెరుపును ఈ తొట్టి వారంలో చేసి చూపిస్తుందని నా అంచనా.

పన్నెండో రోజున తీశాం. పన్నెండింటికి పన్నెండూ బొబ్బలెక్కాయి.

రెడ్ లెడ్‌కు లేస్తే రంగు తప్పు అనుకోవచ్చు. మూడు వేరువేరు రంగులకు ఒకే రోగం వస్తే? తొట్టి పక్కనే నిలబడి రోజులు లెక్కపెట్టాను. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. మళ్ళీ రంగు వేసి ఆరడానికి ఐదు పోతే, తొట్టిలో ఉంచడానికి మిగిలేది నాలుగు. పొద్దు గడిస్తే అదీ ఉండదు.

నాకు తెలిసిన మార్గం ఒకటే, కొలవడం. టేపు తీసి ప్రతి బంపరు మీదా బొబ్బ ఎక్కడుందో ఎడమ చివరనుంచి కొలిచి రాశాను. బంపరు పొడవు అరవై అంగుళాలు. బొబ్బలు ఇష్టమొచ్చినట్టు లేవు. సరిగ్గా నడిమధ్య, ముప్ఫై అంగుళాల దగ్గర పెద్దది ఒకటి. పైన నాలుగు చీలికలు, కింద వెడల్పు. యార్డులోకి వెళ్ళి తిరిగొచ్చిన ఇరవై నాలుగూ చూశాను. వాటిలో పదిహేనింటికి అదే చోట, అదే ఆకారం.

అది అరచెయ్యి. నా అరచెయ్యి దాని మీద ఆనించి చూశాను. నా చేతికంటే పెద్దది.

పని ఎలా నడుస్తుందో ఇక్కడ చెప్పాలి. రంగు వేసేముందు బంపరును పికిలింగ్ చేస్తాం, అంటే పల్చటి యాసిడ్‌లో ముంచి పాత తుప్పునూ పెంకునూ తీసేస్తాం. వేడినీళ్ళతో కడిగి కొయ్యలకు వేలాడదీస్తాం. బస్సుల కాలంలో ఇది లేదు, కిరసనాయిలు గుడ్డతో తుడిచి రంగేసేవాళ్ళం. యాసిడ్ కడిగిన ఇనుము ఒళ్ళంతా పచ్చిపుండు లాంటిది. దాని మీద చెమట చెయ్యి పడితే అందులోని ఉప్పు అక్కడే ఉండిపోతుంది. పైన ఎంత మంచి రంగు వేసినా ఆ ఉప్పు లోపలినుంచి నీటిని పిలుచుకుంటుంది.

మర్నాడు పొద్దున రంగుల షెడ్డులో ఒక మూల నిలబడ్డాను. మునెప్ప వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. వేలాడుతున్న బంపరు నడుమ కుడి అరచెయ్యి నిండుగా ఆనించి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. తర్వాతే బ్రష్ తీశాడు. పక్కనే పనిచేసే రెండో పెయింటరుకు ఆ అలవాటు లేదు. పదిహేను ఇతనివి, తొమ్మిది అతనివి. లెక్క సరిపోయింది. సరిపోకపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"మునెప్పన్నా, బ్రష్ దించు."

"ఏమప్పా?"

చెప్పాను. బొబ్బ దగ్గరకు తీసుకెళ్ళి చూపించాను. అతను తన చెయ్యి దాని మీద ఆనించాడు. వేలికి వేలు సరిపోయింది.

"సుమ్మనే అంటాండావు."

"ఊరికే అనడంలేదన్నా."

"ఇనుముకు మొక్కకుండా రంగేసేదా? మా నాయన నేర్పించినాడప్పా. దినామూ అన్నం పెట్టేది కదా ఇది." తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "శెట్టికి చెప్తావా?"

"కారణం రాసివ్వమని ఇన్‌స్పెక్టరు అడిగాడు. రాయక తప్పదు."

"రాయి. నా చెయ్యే అని రాయి. అబద్ధం రాయమని చెప్పను." తల తిప్పుకున్నాడు.

ఆ పూటే కొత్తగా నాలుగు బంపర్లు యాసిడ్‌లో దించాం. రెడ్ లెడ్, పైన పచ్చరంగు. కడిగినప్పట్నుంచి రంగు పూర్తయ్యేదాకా ఇనుప కొక్కేలతోనే పట్టుకోవాలని, ఎవరి చెయ్యీ తగలకూడదని చెప్పాను. కొయ్యకు తగిలించాక ఎప్పటిలాగే వరుస దగ్గరకు వెళ్ళి లెక్కపెట్టబోయాను. కుడిచేతిలో పెన్సిలు ఉంది. ఎడమచేయి చాచాను.

"అప్పా!" అని అరిచాడు మునెప్ప. "నువ్వేమి చేస్తాండావు?"

నా ఎడమ బొటనవేలు మొదటి బంపరు చివరకు అంగుళం దూరంలో ఆగింది.

నేను ఏది లెక్కపెట్టినా తాకి లెక్కపెడతాను. చూపుతో లెక్కిస్తే ఒకటి తప్పిపోతుందని చిన్నప్పట్నుంచీ అనుమానం. ఎడమ చివర, బోల్టు రంధ్రం పక్కన, ఒక్కోదానికి ఒక్క వేలిముద్ర. చెయ్యి వెనక్కి తీసుకుని నిదానంగా యార్డులోకి నడిచాను. బోల్టు రంధ్రాల దగ్గర చిన్న బొబ్బలు ఉండటం నేను ముందే చూశాను. రంధ్రం అంచున రంగు పల్చన, అక్కడ తుప్పు మామూలే అని నా నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఇప్పుడు వంగి మళ్ళీ చూశాను. మూడు అంగుళాల దగ్గర, గోరంత పొడుగు కోడిగుడ్డు ఆకారం. బొటనవేలు ఆనించాను.

పదిహేను కాదు. ఇరవై నాలుగింటికి ఇరవై నాలుగూ.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఆరబెట్టాక తొట్టికి మిగిలింది మూడు రోజులే, అందుకని నీళ్ళలో ఉప్పు రెట్టింపు వేశాను. పగలంతా తొట్టి చుట్టూ తిరిగేవాణ్ణి. బొబ్బ లేస్తే ఇద్దరికీ దారి మూసుకుపోతుంది. లేవకపోయినా నేను రాయాల్సిన కాగితం ఒకటుంది. బొటనవేలి సంగతి, నా వెనకే యార్డులోకి వచ్చి చూసిన మునెప్పకు తెలుసు. కానీ అతను శెట్టిగారి ముందు నోరు విప్పడు. ఆ సంగతి నాకు తెలుసు. మధ్య గుర్తు ఒక్కటే రాస్తే అడిగేవాళ్ళు లేరు.

ఇరవై ఒకటో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చారు. గోదావరి వైపు మనిషి, మాట మెత్తన, చూపు మెత్తన కాదు. ఆయన ముందే నాలుగు బంపర్లనూ తొట్టిలోంచి పైకి తీశాం. నీళ్ళు కారిపోయేదాకా ఆగాం. ఆయన భూతద్దం పెట్టి ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశారు. కంకర వదలమన్నారు. వదిలాం. సొట్టలు పడ్డాయి, రంగు నిలిచింది.

"బాగుందండీ," అన్నారు. "మరి మొదటి లాటు ఎందుకు చెడిందో చెప్పండి. కారణం తెలియకుండా ఆర్డరు ఇవ్వలేను."

శెట్టిగారు నాకంటే ముందు అందుకున్నారు. "మా మేస్త్రీ పాత అలవాటండీ. పచ్చి ఇనుము మీద చెయ్యి పెడతాడు. రేపట్నుంచి వాడు ఉండడు."

మునెప్ప నేల చూస్తున్నాడు. నేను కాగితం తీసి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చి, అందులో ఉన్నదే నోటితో చెప్పాను.

"మేస్త్రీ చెయ్యి పదిహేనింటి మీద ఉందండీ. నా బొటనవేలు ఇరవై నాలుగింటి మీదా ఉంది. చెయ్యి తగిలినవాడు వెళ్ళాలంటే, లెక్క ప్రకారం ముందు నేను వెళ్ళాలి."

ఇన్‌స్పెక్టరు నన్ను యార్డులోకి తీసుకెళ్ళి వేలు ఆనించమన్నారు. ఒకటి, రెండు, మూడు బంపర్ల మీద ఆనించాను. నాలుగోదాని దగ్గర చాలన్నారు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదండీ," అన్నారు. "మనుషుల్ని మార్చకండి శెట్టిగారూ, కొక్కేలు ఎక్కువ చేయించండి. తప్పెక్కడ జరిగిందో తెలిసినవాళ్ళే నాకు కావాలి."

ఆర్డరు నిలిచింది. మునెప్ప నిలిచాడు. ఆ తర్వాత అతను మొక్కడం మానలేదు, చోటు మార్చుకున్నాడు. తుప్పుతో, మట్టితో ఇనుము లారీలోంచి దిగగానే గేటు దగ్గరే దాని మీద చెయ్యి వేసి కళ్ళకద్దుకునేవాడు. ఆ తర్వాత యాసిడ్ దాన్ని కడిగేసేది. "మొక్కు ఎక్కడ పెట్టినా ముడుతుందప్పా," అన్నాడొకసారి.

బంపరుకు ఏ ఫినిష్ మంచిదని ఇప్పటికీ ఎవరైనా అడిగితే రెడ్ లెడ్ మీద రెండు పూతలు అనే చెబుతాను. కానీ ఆ మూడు వారాలు నాకు నేర్పింది రంగు గురించి కాదు. తప్పు వెతికేటప్పుడు అందరి చేతులూ కొలిచాను, టేపు పట్టుకున్న చేతిని కొలవలేదు. మామూలే అని నోటుబుక్కులో రాసిన ఆ ఒక్క మాటే నన్ను గుడ్డివాణ్ణి చేసింది.

ఆ తర్వాత నేనూ బంపర్లను రెండు గజాల దూరంనుంచి వెదురు పుల్ల చాచి లెక్కపెట్టేవాణ్ణి. పుల్ల కాస్త ముందుకు వంగితే చాలు, షెడ్డులోంచి మునెప్ప గొంతు వినబడేది.

"దూరం అప్పా, దూరం!"