మొదటి బస్తా నుంచి మోస్తారా?

బోటాటౌంగ్‌లోని మా జెరాక్సు కొట్లో పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు ఇవాళ పొద్దున టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. ఇక చచ్చిపోతుందన్నమాట. ఈ దేశంలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు పౌరసత్వం కార్డుల కోసం తెచ్చిన తాతల కాగితాలన్నీ స్కాన్ చేసి అందులోనే దాచాం. కొందరి అసలు కాగితాలు చెదలు తినేశాయి కూడా.

పక్క కంప్యూటర్‌లోకి మౌస్‌తో లాగి కాపీ పెట్టాను. మూడుసార్లు కరెంటు పోయింది. మూడుసార్లూ మొదటి నుంచి మొదలెట్టాను. ఒళ్లు మండి బల్లను తన్నాను.

ముందు గదిలో టైపు చేసే నూకాలమ్మ పిన్ని లేచి వచ్చింది.

“బల్లేటి సేసిందిరా నిన్ను? లెగు.”

ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి ఒక్క లైను కొట్టింది. ఫైళ్లు వరుసగా కదిలాయి. కరెంటు మళ్లీ పోయింది. వచ్చాక పిన్ని అదే లైను కొట్టింది. చేరినవాటిని వదిలేసి, కాపీ ఆగిన చోటినుంచే అందుకుంది!

“మా అయ్య అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసీవోడు. వాన ఎలిసాక మల్లీ మొదటి బస్తా నుంచి మోసీవోడేటి?”

సాయంత్రానికి అన్నీ చేరాయి. ఆ తర్వాత పాత కంప్యూటర్ మళ్లీ లేవలేదు.

ఎవరి దగ్గరా నేర్చుకోలేదని గొప్పలు పోయే నేను, ఆ లైను అడిగి రాసుకున్నాను. మీ పక్క గదిలో టైపు చేసే ఆవిడకి ఇంకా ఏం వచ్చో మీరెప్పుడైనా అడిగారా? నేను నాలుగేళ్లు అడగలేదు.