మగ్గం ఆపని పూట

మొన్న నగరిలో మందుల షాపు దగ్గర బీపీ మాత్రల కోసం నిలబడి ఉంటే, నా ముందున్న పెద్దమనిషి ఒకాయన డాక్టరు చీటీ గీటీ ఏమీ లేకుండా మనవరాలికి విరేచనాలని చెప్పి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు అడగడం, షాపతను కత్తెరతో అట్టను పరపరా కత్తిరించి ఇచ్చేయడం చూసి, ఒళ్లు మండిపోయి ఇద్దరినీ నడివీధిలో కడిగేశాను. ఈ ముసలాయనకు మతి చెడిందని నా గురించి అనుకొని ఉంటారు, అనుకోనీ.

మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, పవర్‌లూమ్ ఇళ్లలో చీరల ఆర్డర్లు ముంచుకొచ్చే ఆడికృత్తిక పండుగకు ముందు ఎవరికి జ్వరమొచ్చినా, గొంతు పట్టినా పడుకునే మాటే ఉండేది కాదు. షాపులో ఇలాంటివే రంగురంగుల గొట్టం మాత్రలు తెచ్చి, రెండు పూటలు మింగి, తేరుకోగానే మిగిలినవి డబ్బాలో దాచి, మళ్లీ మగ్గం దగ్గర నిలబడడమే. మా అమ్మ మాత్రం పొద్దున్నే పులిసిన సద్దినీళ్లు తాగి, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, నంజుకొని, మాత్రంటే మొహం తిప్పేసుకునేది. పాతకాలం మనిషని నవ్వేవాళ్లం.

నా భార్య అలా ఏళ్ల తరబడి మింగుతూనే వచ్చింది. ఒక ఏడాది పండుగకు ముందు పంటి వాపుకు వారం రోజులు మింగాక నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. పండుగ చీరలు మగ్గం మీద ఉండగా గోడ పట్టుకొని వచ్చి, “ఈ పూటకు ఆపుదామయ్యా, ఆస్పత్రికి పోదాం, నిలబడే శక్తి లేకుండా ఉండాది” అంది. చీరల ఆర్డరిచ్చిన షావుకారుకు మాటిచ్చానని కసిరి, డబ్బాలోవి చాలక షాపులో ఇంకా గట్టివి తెచ్చి, నా చేత్తో నేనే మింగించాను. ఒకరోజు కాదు, నాలుగు రోజులు.

తిరుపతిలో ఆస్పత్రికి చేర్చేసరికి ఆమెకు మాట పడిపోయింది. ఏమేం మందులు వాడారని డాక్టరు అడిగితే, ఎంత శ్రద్ధగా చూసుకున్నానో తెలియాలని సంచినిండా తీసుకుపోయిన ఖాళీ అట్టలన్నీ గర్వంగా బల్లమీద కుమ్మరించాను, నా మొహం మండ. ఆయన కోప్పడలేదు. మన పేగుల్లో కోట్లకొద్దీ మేలుచేసే క్రిములు కాపురముంటాయనీ, తిన్నది అరగడానికి సాయపడేవీ, చెడ్డవాటికి చోటివ్వకుండా కాచేవీ అవేననీ, ఈ మాత్రలు వాటిని ఊడ్చేస్తే, ఆ మందుకు చావని చెడ్డ క్రిమి ఒకటి పేగంతా ఆక్రమించిందనీ విడమరిచి చెప్పాడు. “నాలుగు దినాలు ముందు వచ్చింటే బతికించుకుండేవాళ్లమప్పా” అన్నాడు. మూడో రోజు పోయింది.

చాలాకాలం షాపతన్నీ షావుకారునూ తిట్టుకుంటూ తిరిగాను. వాళ్ల తప్పు లేదని ఇప్పటికీ అనను. కానీ ఆమె వచ్చి అడిగింది వాళ్లను కాదు, నన్ను.

ఈ రోజుల్లో ఆర్డర్లు లేక మా వీధి మగ్గాలు వారాలకు వారాలు ఆగే ఉంటున్నాయి, అయినా ఎలాగో బతుకుతూనే ఉన్నాం. ఆమె అడిగింది ఒక్క పూట.