దెబ్బకు ముందే ఢమాల్

"అయ్యో, పడిపోతుంది! ఎవరైనా పట్టుకోండి, పడిపోతుంది!"

అని అరుస్తూ లెక్చరరమ్మ గరిటెతో సహా వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె భయమంతా పదహారు నెలల కూతురి గురించే. తీరా చూస్తే పిల్ల సోఫా మీద నాలుగు దిండ్ల మధ్య భద్రంగా కూర్చుని ఉంది. పడింది పిల్ల కాదు, మావయ్య. పిల్ల ఆయన వైపు గిలక్కాయ ఊపిందట. అది ఆయనకు తగల్లేదు, తగిలేంత దూరంలో కూడా లేదు. అయినా ఆయన రెండు చేతులూ గాల్లోకి విసిరి, ఒక పల్టీ కొట్టి, చెప్పుల స్టాండును కౌగిలించుకుని వెల్లకిలా పడ్డాడు.

మావయ్య గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే. ఆయన దెబ్బ తగలకముందే పడిపోతాడు.

ఒకప్పుడు కరాటేలో ఆయనకు ఎదురు నిలిచినవాడు లేడు. వరసగా మూడేళ్ళు ఛాంపియన్. అరచేత్తో ఇటుకలు పగలగొట్టేవాడు. ఆ ముక్కలను ఆయన అక్క, అంటే లెక్చరరమ్మ తల్లి, పెరట్లో మొక్కల చుట్టూ పేర్చుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. అంతటివాణ్ణి సినిమావాళ్ళు పిలిచి, కొత్త హీరో చేతిలో దెబ్బలు తినే వేషం ఇచ్చారు. హీరో కాలెత్తాడు. ఆ కాలు ఇంకా సగం దారిలో ఉండగానే మావయ్య ఎగిరి బల్ల మీద పడి, బల్లతో సహా కిందికొచ్చాడు.

"అన్నా, అతనింకా తన్నలేదు!" అని డైరెక్టర్ నెత్తి కొట్టుకున్నాడు.

"తంతాడు కద సార్, అందుకే పడ్డాను."

ఆ రోజు నుంచి పరిశ్రమలో ఆయన పేరు ఢమాల్. ముప్ఫయ్యేళ్ళలో నూటపాతిక సినిమాలు చేశాడు. అన్నింటిలోనూ పడ్డాడు. ఒక్క సినిమాలో మాత్రం దయతలచి ఒక డైలాగు ఇచ్చారు. "ఆగరా" అనాలి. "ఆగ" అని పడిపోయాడు. "రా" మరొకరి చేత డబ్బింగ్ చెప్పించారు. ఇన్నేళ్ళ నటజీవితానికి మిగిలిన ఆనవాలు ఒకే ఒక్క పోస్టర్. దాని మూలన రెండు పాదాలు పైకి లేచి ఉంటాయి. అవి ఈయనవే అని అక్క ఒట్టేసి చెబుతుంది.

ఇదంతా సినిమాలతో ఆగితే బాగుండేది. బ్యాంకులో కాపలావాడు చెవి గోక్కుందామని చెయ్యెత్తితే ఈయన క్యూలో పడ్డాడు. బస్సులో కండక్టర్ టికెట్ చింపితే మెట్ల మీద పడ్డాడు. పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారు కరచాలనానికి చెయ్యి చాచాడు. ఆ సంబంధం అక్కడితో సరి.

లెక్చరరమ్మ ఫిజిక్స్ చెబుతుంది. పడటానికి ఆమెకేం అభ్యంతరం లేదు, అది సూత్రానికి లోబడి జరిగితే. "కారణం ముందు రావాలి, ఫలితం తర్వాత రావాలి. ఈయన వంటివాళ్ళు పదిమంది ఉంటే సైన్సు పుస్తకాలన్నీ తూకానికి వేసుకోవచ్చు" అని భర్త దగ్గర ఈసడించుకునేది. అలాంటి మనిషి, దగ్గర్లో షూటింగ్ ఉందంటూ పెట్టె పట్టుకుని వారం రోజులకు ఇంట్లో దిగాడు.

అసలే ఆమె తిప్పలు ఆమెకున్నాయి. పిల్ల నడవడం లేదు. సెలవు వచ్చే ఆదివారంతో అయిపోతుంది. క్రెష్‌లో నడిచే పిల్లల్నే తీసుకుంటారు. పిల్ల నడవకపోతే ఉద్యోగం మానుకోవాల్సిందే. రాజీనామా ఉత్తరం రాసి సొరుగులో పెట్టుకుంది కూడా. డాక్టర్ మాత్రం, "కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. మీరు కిందికి దింపితే నడుస్తుంది" అన్నాడు.

దింపడమా! పిల్ల తల నేలకు డెబ్భై సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి పడితే నేలను తాకేసరికి వేగం సెకనుకు మూడు మీటర్ల డెబ్భై సెంటీమీటర్లు. ఆ లెక్క వేసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. బల్లల మూలలకు స్పాంజి చుట్టింది. పిల్లను చంకలోంచి సోఫాకు, సోఫాలోంచి చంకకు మార్చడమే తప్ప నేల చూపించలేదు.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. పిల్ల ముందు ఆ పడటాలు పెట్టుకోకు" అంది మొదటి రోజే.

"పడితే తప్పేంటే అమ్మడూ? మన భాష చూడు. ఇష్టపడతాం, కష్టపడతాం, సిగ్గుపడతాం. ఆఖరికి నిలబడాలన్నా అందులో పడటం ఉంది."

"వ్యాకరణం చాలు గానీ, ముందు ఆ స్టాండు వదిలి లే."

ఆయన లేచాడు. పిల్ల వేలు చూపించింది. మళ్ళీ పడ్డాడు. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. రోజూ ఇదే వరస. కింద వాటాలో ఉండే టైలర్ రెండుసార్లు పైకొచ్చి, "ఏమ్మా, బీరువాలు జరుపుతున్నారా?" అని అడిగి వెళ్ళాడు.

"బీరువా కాదండీ, మా మావయ్య" అంది ఆమె పళ్ళు కొరుకుతూ.

శనివారం పొద్దున ఆమె స్నానానికి వెళ్ళింది. పిల్ల సోఫాలో, భర్త కాపలాగా పక్కన. చెంబు తలకెత్తుకుందో లేదో ఢమాల్ అని వినిపించింది. అలవాటైన చప్పుడే. కాసేపటికి మళ్ళీ ఢమాల్, ఈసారి కొంచెం దూరంగా. తర్వాత ఇంకా దూరంగా. ఆమెకు అనుమానం వచ్చింది. మావయ్య ఎప్పుడూ ఒకచోటే పడతాడు కదా, ఇవాళ ఈ ప్రయాణమేమిటి? చీర చుట్టబెట్టుకుని, తడి జుట్టుతోనే బయటికొచ్చింది.

సోఫా ఖాళీగా ఉంది. భర్త గోడకు అతుక్కుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పిల్ల హాలు నడిమధ్యలో, దేన్నీ పట్టుకోకుండా, వేలు చాపి నిలబడి ఉంది. మావయ్య దానికి రెండడుగుల దూరంలో, గుమ్మం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. పిల్ల ఆయన్ని పడగొట్టడానికి ఒక అడుగు వేసింది. ఆ వేలు తగలడానికి జానెడు దూరం ఉందనగా ఆయన వెనక్కి పడి, లేచి, మరో అడుగు వెనక్కి జరిగాడు. పిల్ల కోపంగా ఇంకో అడుగు వేసింది.

లెక్చరరమ్మ అరవబోయింది. మళ్ళీ పడ్డ మావయ్య నేల మీద నుంచే చెయ్యెత్తి ఆగమన్నాడు.

పిల్ల ఏడడుగులు నడిచింది. ఎనిమిదో అడుగుకు బోర్లా పడింది. పడగానే ఏడవలేదు. ముందు తల్లి ముఖం వైపు తల తిప్పబోయింది. ఆ ముఖంలో అప్పటికే అంబులెన్సు సైరన్ మోగుతోంది. అంతలో మావయ్య పిల్ల పక్కనే దబ్బున బోర్లా పడి, నేలకు చెంప ఆనించి, కళ్ళు చక్రాల్లా తిప్పాడు. పిల్ల కిలకిలా నవ్వి, చేతులు ఆనించి లేచి, ఆయన వీపు ఎక్కింది.

ఆమె కూలబడి కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. తర్వాత గట్టిగా అడిగింది.

"నిజం చెప్పు మావయ్యా. ముప్ఫయ్యేళ్ళుగా ముందే ఎందుకు పడుతున్నావు? నీకు టైమింగ్ రాకనా?"

"టైమింగ్ రానివాడు మూడేళ్ళు ఛాంపియన్ ఎలా అయ్యాడే?" అన్నాడాయన, పిల్లను వీపు మీద మోస్తూనే. "పాపం, ఆ కొత్త కుర్రాళ్ళకి తన్నడం ఎక్కడ వచ్చు? భయంతో కళ్ళు మూసుకుని తంతారు. నిజంగా తగిలితే నా పక్కటెముకలకేం కాదు, వాళ్ళ కాలివేళ్ళు విరుగుతాయి. మొదటి రోజే వేలు విరిగినవాడు మళ్ళీ కాలెత్తుతాడా? నేను ముందే పడితే వాడికి ధైర్యం వస్తుంది. ఇంకో టేకుకి ఇంకొంచెం ఎత్తుతాడు. అదే అలవాటై బ్యాంకులోనూ పడుతున్నాను."

"మరి నీ పేరు?"

"ఢమాల్ అని పెట్టారుగా. బాగానే ఉంది."

ఆయన పిల్లను వీపు మీంచి నేల మీదికి దింపాడు. మళ్ళీ తనే అందుకున్నాడు.

"ఒక్క మాట విను అమ్మడూ. పిల్ల పడితే నువ్వు పైనుంచి అరవకు. పక్కన నువ్వూ పడు. పైనుంచి చూసేవాళ్ళకి అది ప్రమాదం. పక్కన పడ్డవాళ్ళకి ఆట."

సోమవారం పొద్దున క్రెష్ గేటు దగ్గర పిల్ల చెయ్యి విడిపించుకుని నాలుగడుగులు వేసి దభీమని పడింది. ఇస్త్రీ చీర కట్టుకుని, భుజాన సంచీతో కాలేజీకి బయలుదేరిన లెక్చరరమ్మ అటూ ఇటూ చూసింది. గేటు ముందే పిల్ల పక్కన బోర్లా పడుకుంది.

ఆయా కంగారుగా పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! అమ్మా! మీకేమైంది?"

"నాకేం కాలేదు" అంది లెక్చరరమ్మ నేల మీద నుంచే. "పిల్ల పడింది."