పేరు లేని మొహం గోడెక్కకూడదన్న రజియా

నరసరావుపేట ఛాయాచిత్రకారిణి రజియా అక్క ఇక లేరన్న మాట నమ్మడానికే నాకు ఒక రోజు పట్టింది. నమ్మేలోపే కోపం వచ్చింది. మర్నాటి పత్రికలో ఒక మూల ‘స్టూడియో నిర్వాహకురాలి మృతి’ అని వేశారు. ఆమె పేరే వెయ్యలేదు. మనిషి మొహం కింద పేరుండాలని జీవితమంతా పట్టుబట్టిన కళాకారిణికి మనమిచ్చిన మర్యాద ఇది!

ఆమె దగ్గర కెమెరా పట్టడం నేర్చుకున్నదాన్ని కనుక ఈ నాలుగు మాటలు రాసే హక్కు నాకుంది. పెళ్లి ఫోటోలతో పొట్ట పోసుకుంటూ, తీరిక దొరికిన ప్రతి ఘడియనూ ఆమె తన కళకు ధారపోశారు. నాపరాతి పొరలు, కల్లంలో ఎండే మిర్చి, నీళ్లు రాని కాలువ అడుగున పగుళ్లు చాలా దగ్గరగా తీసేవారు. ఆ నైరూప్య చిత్రాల ముందు ఎవరైనా “ఇదేందక్కా?” అని అడిగితే నవ్వేవారు.

“ఏందో చెబితే ఇంక నువ్వు చూడవుగా. కాసేపు నిలబడు.”

ఆమె తొలి ప్రదర్శన మా ఊరి కల్యాణ మండపంలో జరిగింది. వెల్దుర్తి వైపు మిర్చి కోతలకు వెళ్లే స్త్రీల మొహాలను నిలువెత్తు ఫ్రేముల్లో పెట్టారు. మా వైపు ఒక్క మనిషి పటం అంత పెద్దగా గోడెక్కిందంటే ఆ మనిషి పోయినట్టే. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి చేతులు జోడించారు. ఒకావిడ చామంతి దండ తెచ్చి, ఆ కూలీల్లో ఒకరైన మరియమ్మ పటానికి వేసి, “ఎప్పుడు పోయిందమ్మా, కబురన్నా చెయ్యలా” అని శోకం మొదలుపెట్టింది.

వెనకే నిలబడ్డ మరియమ్మ “ఒసేయ్, నేనీడనే ఉన్నా గదే!” అని అరిచింది.

మరియమ్మ పెద్దకొడుకు అక్క మీదికి వచ్చాడు. “బతికున్న మనిషిని గోడకెక్కిస్తావా?” అన్నాడు. ఇంకొకరైతే ఫ్రేములు దించేసేవారు. అక్క ప్రతి పటం కింద లావుపాటి అక్షరాలతో పేరు రాసి, ఎవరి పటం పక్కన వాళ్లను నిలబెట్టారు.

“పటం చచ్చినోళ్లకేనా? ఇప్పుడు ఏడవమను చూద్దాం!”

సాయంత్రానికి జనం మనిషినీ పటాన్నీ మార్చి మార్చి చూస్తూ చానాసేపు నవ్వుకున్నారు. పేరు లేని మొహం తన గోడెక్కదన్న నియమం ఆ రోజే పుట్టింది.

తర్వాత నగరంలోని ఒక గ్యాలరీ ఆమెను ఆహ్వానించింది. పేర్లు తీసేస్తే చిత్రాలకు విశ్వజనీనత వస్తుందని నిర్వాహకుడు సెలవిచ్చాడు.

“రాళ్లకు పేరు లేకపోయినా పర్లేదు సార్. మరియమ్మకు ఉంది” అన్నారు అక్క. మొహాలన్నీ మూటగట్టుకుని నడికుడి రైలెక్కి వచ్చేశారు.

ఇప్పుడు, ఆమె నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కూడా కాకముందే, అదే గ్యాలరీ ‘నివాళి’ పేరిట ఆ చిత్రాలను ప్రదర్శిస్తోంది. దుఃఖంలో ఉన్న అక్క తమ్ముడికి తీపి మాటలు చెప్పి పట్టుకుపోయారు. మరియమ్మ పటం కింద ‘పల్నాటి శ్రామిక స్త్రీ’ అని పెట్టారు. ఫోన్ చేసి నిలదీస్తే, కళను కళగా చూడమని నాకే పాఠం చెప్పారు. బతికుండగా ఆమె ఒప్పుకోని పనిని, కాదనడానికి ఆమె లేని సమయం చూసి చేశారు. దీన్ని నివాళి అనడానికి నోరెలా వచ్చింది?

పలకరింపుకు అక్క ఇంటికి వచ్చిన మరియమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

“నా పేరు పీకేశారా? నేనింకా బతికే ఉన్నా గదమ్మా. ఆడికి తీసకపో. పోయి పక్కన నిలబడతా.”

అక్కా, మీలాంటి మనిషి ఈ నేలకు మళ్లీ దొరకరు. ఆ లోటు మాటలతో పూడేది కాదు. రేపు పొద్దున నడికుడిలో రైలెక్కుతున్నాం. ఆ గోడ దగ్గర నిలబడి, చూడవచ్చిన ప్రతివాళ్లకూ మరియమ్మ మొదట తన పేరు చెబుతుంది. తర్వాత మీ పేరు చెబుతుంది.