నా మచ్చను చదివిన డాక్టరు గారు

మా స్కానింగ్ డాక్టరు గారు పోయారని మొన్న పొద్దున పటమటలోని ఆయన స్కానింగ్ సెంటరు నుంచి ఫోను వచ్చింది. నా కాలేయంలోని క్యాన్సర్ గడ్డను సూదితో కాల్చి నాలుగేళ్లయింది. నేను పామర్రులో నిక్షేపంలా ఉన్నాను, ఆయన వెళ్లిపోయారు. ఇదేం న్యాయమో!

పాత ఫిల్ములు తీసుకెళ్లకపోతే ఆయన కొత్త స్కాన్ ముట్టుకునేవారు కాదు. "నిన్నటి మొహం చూడకుండా ఇవాళ చిక్కారో లావయ్యారో ఎలా చెప్పనండీ?" అనేవారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసేవారు.

కాల్చాక తీసిన మొదటి స్కాన్ రిపోర్టు వచ్చిన రోజు మర్చిపోలేను. మనవాళ్లకు రిపోర్టంటే సెంటీమీటర్లే కదా! మా మరిది సెంటరు వరండాలోనే కవరు చించి, "వదినా, మూడున్నది అయిదయింది" అని బావురుమన్నాడు. ఊరంతా ఫోన్లు చేశాడు. గంటన్నరలో పామర్రు నుంచి చుట్టాలు బత్తాయిలతో దిగారు, ఆఖరి చూపులకన్నట్టు. "ఇంక వైద్యం వద్దు, ఇంటికి తీసుకుపొండి" అన్నాను. నిజంగానే అన్నాను. నాకు ఆశ పోయింది.

ఆ ఏడుపులకు డాక్టరు గారు బయటికొచ్చారు.

"కింద లైను చదివారా?"

మా మరిది రిపోర్టు మళ్లీ తెరిచాడు.

"కొలత కాదండీ, దాంట్లోకి రక్తం పోతోందా లేదా చూడాలి. గడ్డ చుట్టూ కాస్త మంచి భాగాన్నీ కలిపి కాల్చారు, అందుకే మచ్చ పెద్దది. రక్తంలోకి మందు ఎక్కించి తీశాం, చుక్క కూడా గడ్డ లోపలికెళ్లలేదు, అంటే పూర్తిగా కాలిపోయినట్టే. మూడు నెలలకి మళ్లీ రండమ్మా."

అంతే, లోపలికి వెళ్లిపోయారు. మేం బత్తాయిలు వరండాలోనే ఒలుచుకు తిన్నాం. పుల్లగా ఉన్నా నేనే రెండు తిన్నాను.

కానీ నాకో చిన్న కినుక ఉండిపోయింది. మనిషికి ప్రాణం తిరిగొచ్చిందని చెబుతూ అంత ముభావమా అని. తర్వాత ప్రతి స్కాన్‌కీ అదే మాట, అదే మొహం.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఫలానా అని చెప్పగానే ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"పామర్రు ఆవిడ మీరేనా! మీ మొదటి రిపోర్టు రోజు ఈయన గుమ్మంలోంచే 'చచ్చిందే, చచ్చింది!' అని కేకలేసుకుంటూ వచ్చారండీ. హడలిపోయాను. తీరా చూస్తే, చచ్చింది మీ గడ్డట! సేమ్యా పాయసం చెయ్యమని ఒకటే గోల. షుగరున్న మనిషి, రెండు గ్లాసులు తాగారు."

ఇద్దరం నవ్వాం, ఏడ్చాం. అప్పటినుంచీ ఆయనే కళ్లముందు మెదులుతున్నారు. చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి, గ్లాసు అడుగున మిగిలిన సేమ్యాను వేలితో తీసుకుంటూ.