వరుస కలిస్తేనే పార్కులోకి

నల్గొండలో మా వీధి చివర పిల్లల పార్కు ఉంది. అందులో వేపచెట్టు కింది బెంచీ మీద నేను, నా భార్య రోజూ సాయంత్రం కూర్చునేవాళ్లం. ఆమె పోయాక నేనొక్కడినే కూర్చుంటున్నాను. ఈ రోజు వెళ్తే గేటుకు కొత్త బోర్డు వేలాడుతోంది: పిల్లలు వెంట లేని పెద్దలకు ప్రవేశం లేదు.

"నేను ఊయల ఎక్కనయ్యా, బెంచీ మీద కూర్చుంటా," అన్నాను వాచ్‌మన్‌తో.

"మొన్నొక సారు గూడ గట్లనే అన్నడు. జారుడుబండల ఇరికిండు. నలుగురం గుంజినం."

నా వెనకే మనవరాలితో వచ్చిన ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీది ఏ ఊరు?" అని అడిగింది. నల్గొండే అన్నాను. ఆమెకు వరుస కుదరలేదు. "మరి మీ ఆమెది?"

"తిరుమలగిరి."

"గది మా తల్లిగారూరే! గట్లయితే ఆమె నాకు చెల్లె, నువ్వు మరిదివి, గీ పిల్లకు తాతవు. నడు లోపటికి."

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా సారూ?" అంటూ వాచ్‌మన్ గేటు తీశాడు.

బెంచీ దాకా వెళ్లనే లేదు. కొత్త మనవరాలు నన్ను ఊయల దగ్గరే నిలబెట్టి, చీకటి పడేదాకా ఊపించుకుంది. ఇప్పుడు భుజాలు నొస్తున్నాయి.

పోయిన మనిషే నన్ను లోపలికి తీసుకెళ్లింది. రేపైనా కూర్చోవాలని ఉంది. ఊయల అంటే ఇష్టం లేని మనవలు మీలో ఎవరికైనా ఉంటే ఊరు పేరు చెప్పండి, వరుస కలుపుకుందాం.